విమలమ్మకేమిష్టం?

"అమ్మకేం ఇష్టమో అవే వండాలె. లేకుంటే పిట్ట ముట్టదు," అని ఆడపడుచు కాంతమణి పొద్దున్నే హుకుం జారీ చేసింది. అత్తగారు విమలమ్మ పోయి అది మూడో రోజు. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూడాలి. కోడలు కల్పలత స్టవ్ వెలిగించి, "ఏమిష్టం వదినా?" అని అడిగింది.

సీతాఫల్‌మండిలోని ఆ ఇంట్లో తలా ఒకటి చెప్పారు. మామగారు గొంతు సవరించుకుని "పచ్చిపులుసు" అన్నాడు. అది లేనిదే ఆయనకు ముద్ద దిగదు. కాంతమణి సర్వపిండి అంది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా అడిగి చేయించుకున్నది ఆవిడే. హరికిషన్ గుత్తివంకాయ అన్నాడు. కల్పలత మొగుడి మొహం చూసింది. ముప్పై నాలుగేళ్లు ఆ చేతి అన్నం తిన్నవాడు. ఆమెకు నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి.

కోపం వాళ్ల మీదే కాదు, తన మీద కూడా. వైటూకే హడావిడిలో బేగంపేట సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన దగ్గర్నుంచి, ఏడున్నరకు గడప దాటేసరికి చేతిలో టిఫిన్ డబ్బా ఉండేది. ఐదింటికే లేచి ఆ కూర తరిగిందెవరో ఏనాడైనా తలుచుకుందా? టీమ్ లీడ్ అయిన రోజు ఆఫీసులో పేరు పేరునా అందరికీ థాంక్స్ చెప్పి, ఇంటికొచ్చి "ఆకలైతున్నది అత్తమ్మా" అంది. నిన్న పరామర్శకు వచ్చినవాళ్లంతా విమలమ్మను దేవత అన్నారు, అందరూ తిన్నాకే తినేదన్నారు. ఆ మాట వెనకే కాంతమణి అందుకుంది. "ఇగ ఈ ఇంటికి నువ్వే అమ్మవు. నౌకరీ మానెయ్. తమ్ముని జీతం సాలదా?" హరికిషన్ కాదనలేదు. "జెర ఆలోచించు లతా. నాయినకు టైముకు బువ్వ పెట్టేటోళ్లుండాలె గదా," అన్నాడు. చచ్చిపోయినావిడను మెచ్చుకున్న మాటలన్నీ వచ్చి తన మెడకు చుట్టుకుంటాయని కల్పలత అనుకోలేదు.

నిజానికి విమలమ్మకు ఏమిష్టమో ఆమెకు తెలుసు. ఒక శనివారం కల్పలత ఆఫీసు నుంచి వస్తూ వస్తూ వీధి చివరి టిఫిన్ బండి దగ్గర నాలుగు ఇడ్లీలు కట్టించుకొచ్చింది. విమలమ్మ తలుపు దగ్గరేసి, కాళ్లు చాపుకుని కూర్చుని నాలుగూ తినేసింది. చట్నీ నీళ్లనీళ్లగా ఉంది. "ఏం రుచున్నదని అత్తమ్మా?" అంటే, "నేను వండలే గద బిడ్డా. గదే రుచి," అంది. ఆ తర్వాత ఏ శనివారమూ కల్పలత ఒట్టి చేతులతో రాలేదు.

స్టవ్ ఆపేసి, వీధి చివరికి వెళ్లి నాలుగు ఇడ్లీలు తెచ్చింది.

"బజారు తిండి పెడ్తవా? నలుగురేమంటరు?" అంది కాంతమణి.

"అత్తమ్మకు గదే ఇష్టం వదినా. మీరెవ్వరు అడగలే, ఆమె చెప్పలే."

మేడ మీద కాకి వచ్చి ఇడ్లీ ముట్టింది, పక్కనే చుట్టాలు తెచ్చిన లడ్డూ కూడా ముట్టింది. దాని ఆకలి దానిది. కాంతమణి మాత్రం కళ్లొత్తుకుంది.

మెట్లు దిగుతుంటే హరికిషన్ మెల్లగా అడిగాడు. "మరి రాజీనామా ఎప్పుడిస్తవ్?"

"నాకేమిష్టమో చెప్పు. చెప్తే రేపే ఇస్త."

అతను ఆగిపోయాడు. లెక్కపెట్టబోయినట్టు ఒక వేలు మడిచి, మళ్లీ తెరిచాడు.

"నువ్వు అన్నీ తింటవ్ గదా లతా," అన్నాడు.

"సోమవారం నుంచి ఐదింటికి లేవాలె నువ్వు," అంది కల్పలత. "కూర తరుగుడు నేర్పిస్త. ఏడున్నరకు నాకు బస్సున్నది."