నూట యాభై రూపాయల జెర్సీ

నేను ఒక కుట్టు మిషన్ని. కాలితో తొక్కే రకం. ఇనప స్టాండు, టేకు బల్ల, నల్లటి ఒళ్లు. ఒంటి మీద ఒకప్పుడు బంగారు రంగు పువ్వులుండేవి. ఇప్పుడు రెండే మిగిలాయి, అవీ ఎవరి చెయ్యీ ఆనని మూల ఉన్నాయి కాబట్టి. నేను బడికి పోయిందీ లేదు, పుస్తకం పట్టిందీ లేదు. నాకొచ్చిన లెక్కలన్నీ గుడ్డ మీద నేర్చుకున్నవే. అయినా ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మూడో డివిజన్‌లోకి పడిపోకుండా నిలబడిందంటే అందులో నా చెయ్యి ఉంది. నా గొప్పతనం వల్ల నిలబడలేదు, నా చౌకదనం వల్ల నిలబడింది. ఆ కథ చెప్పాలనే నోరు తెరిచాను.

నన్ను పోత పోసింది లూధియానాలో. పోసినవాడి మొహం గుర్తులేదు గానీ నా చక్రానికి మెరుగు పెట్టిన మనిషి దగ్గు మాత్రం ఇంకా చెవుల్లో ఉంది. గడ్డి చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, రైల్లో సికింద్రాబాదు పంపారు. మొదట కొన్నది డొరోతి అమ్మ, ఒక ఇంజను డ్రైవరు భార్య. గౌన్లు కుట్టేది. ఒక్కో పెళ్లి గౌనుకి మూడు వారాలు పట్టేది, ఎందుకంటే బాగా వచ్చిన కుట్టుని కూడా విప్పి మళ్లీ కుట్టేది. ఆవిడ చూపు మందగించాక కంటోన్మెంటు దగ్గర యూనిఫాం షాపువాళ్లు నన్ను కొనుక్కుపోయారు. అక్కడ పంతొమ్మిదేళ్లు ఖాకీ గుడ్డే నా తిండి. సూది విరిగితే తిట్టేవాళ్లు, నూనె మాత్రం పోసేవాళ్లు కాదు. కరెంటు మిషన్లు రాగానే నన్ను పాతసామాన్ల బండికి తూకానికి అమ్మేశారు. ముప్పై ఒక్క కిలో తూగాను. పని మీద కొన్నవాళ్లే తూకం మీద అమ్మారు. మనుషుల మీద నాకున్న అభిప్రాయం ఆ రోజు కుదిరింది.

ఆ బండిని దారిలో ఆపినవాడు బాలనర్సు. రాతిబావి కాలనీ గేటు పక్కన ఆరడుగుల వెడల్పు షాపు అతనిది. బండివాడితో అరగంట బేరమాడి, ఆటోలో నన్ను ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చాడు. ఐదో తరగతిలో బడి మానిపించి తండ్రి అతన్ని షాపులో కూర్చోబెట్టాడట. దానికి ముందు ఎడమ కాలితో బంతి బాగా కొట్టేవాడట. ఆ కాలే ఇప్పుడు నన్ను తొక్కుతుంది. ఆ సంగతి తలుచుకున్న రోజు మరీ గట్టిగా తొక్కుతుంది.

షాపు వెనక గోడ అవతల గ్రౌండు. లీగు కమిటీ ఇచ్చిన ఆ గ్రౌండులో ఆడేది రాతిబావి ఫుట్‌బాల్ క్లబ్బు. సిటీ లీగులో రెండో డివిజన్. పదకొండేళ్లుగా వాళ్ల జెర్సీలు, నిక్కర్లు నా సూది కిందనుంచే వెళ్లాయి. గుడ్డ క్లబ్బు కొంటుంది, కుట్టు బాలనర్సు ఉత్తినే కుడతాడు. మ్యాచు రోజున షాపుకి తాళం వేసి గోడెక్కి కూర్చుంటాడు. ఎవరైనా గోలు కొడితే "ఆ నెంబరు నేనే కుట్టిన" అంటాడు, పక్కన ఎవరూ లేకపోయినా.

అన్నీ బాగానే ఉండేవి గానీ క్లబ్బు గదిలో ఒక చెక్క బోర్డు ఉంది. దాతల పేర్ల బోర్డు. పాతిక వేలు, ఆ పైన ఇచ్చినవాళ్ల పేర్లు తెల్ల పెయింటుతో రాస్తారు. ఇటుకల బట్టీ అతని పేరుంది, పెళ్లిమండపం ఆయన పేరుంది. ఒక్కసారి కూడా మ్యాచు చూడని మనిషి పేరు కూడా ఉంది. పదకొండేళ్లు కుట్టిన బాలనర్సు పేరు లేదు. ఆ మంట అతనికి లోపల్లోపల ఉండేది. నాకు తెలుసు, ఎందుకంటే దాని సెగంతా నా తొక్కుడు పలక మీదికే వచ్చేది.

ఇక రూలు సంగతి. దాన్ని నాకు అర్థమైనట్టే చెప్తాను. లీగు కమిటీ రెండో డివిజన్ క్లబ్బులన్నింటికీ ఒక కొలత పెట్టింది. సీజన్లో క్లబ్బుకి వచ్చిన ఆదాయంలో నూటికి డెబ్బై మించి ఖర్చు పెట్టకూడదు. మించితే మూడు పాయింట్లు కోత. విరాళాలు ఆదాయం కింద లెక్కకి రావు, లేకపోతే డబ్బున్నవాడు సంచులు గుమ్మరించి కప్పు కొనేస్తాడని. అంతవరకు సబబే. కానీ పై డివిజన్ నుంచి కిందికి జారిన క్లబ్బుకి లీగే రెండేళ్లపాటు ఊరట సొమ్ము ఇస్తుంది. అదేమో ఆదాయం కింద లెక్క. ఆ ఏడాది జారి వచ్చిన రాయల్ హిల్స్ క్లబ్బు ఆ సొమ్ము చూపించి గోవా నుంచి ఇద్దరిని, కలకత్తా నుంచి ఒకడిని తెచ్చుకుంది. మా రాతిబావి పాత బూట్లకి కొత్త అడుగులు వేయించాలన్నా వేళ్లు లెక్కపెట్టుకుంది. టేపు ఇద్దరికీ ఒకటే. ఒకడి ముందు గుడ్డ తాను మొత్తం పరిచి ఉంది, ఇంకొకడి ముందు పీలిక ఉంది. పీలికకి టేపు పెట్టి న్యాయం చేశామంటే ఏ దర్జీ అయినా నవ్వుతాడు.

అందులో ఇంకో పిలక రూలుంది. ఉత్తినే చేసిన పనికి కూడా బజారు రేటు కట్టి ఖర్చులో వేయాలి. ఏదో పెద్ద క్లబ్బు తన హోటలు బిల్లులన్నీ "స్నేహితుడు పెట్టాడు" అని దాచేసిందట, దాన్ని పట్టడానికి పెట్టారు.

ఈ సంగతి తెలియకుండానే బాలనర్సు తన జీవితంలో పెద్ద తప్పు చేశాడు. సీజను మొదట్లో క్లబ్బు సెక్రటరీ దేవసహాయం జెర్సీలు తీసుకుపోవడానికి వస్తే ఆపి కూర్చోబెట్టాడు.

"దేవన్నా, ఈసారి నాకో రసీదు రాయి. ఇరవై నాలుగు సెట్లు, సెట్టుకి పన్నెండు వందలు. నా తరఫున విరాళం."

"పన్నెండు వందలెక్కడివి నర్సన్నా? గుడ్డ కూడా మాదేనాయె."

"పెద్ద షాపుల అంతే తీసుకుంటరు. నేను తక్కువోన్నా?"

దేవసహాయం రైల్వేలో క్లర్కు చేసి రిటైరైన మెత్తటి మనిషి. పదకొండేళ్ల మొహమాటం. రాసిచ్చాడు. ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు. వారం తిరిగేసరికి బోర్డు మీద బాలనర్సు పేరెక్కింది. ఆ సాయంత్రం అతను నాకు నూనె పోసి, గుడ్డతో తుడిచి, మిగిలిన రెండు పువ్వుల్ని కూడా రుద్దాడు.

సీజను అయిపోయింది. రాయల్ హిల్స్ మొదటి స్థానంలో ఉంది, అది ముందే తెలిసిందే. రాతిబావికి పదకొండు పాయింట్లు. కింద ఉన్న ఒకే ఒక్క టీముకి తొమ్మిది. హమ్మయ్య అనుకునేలోపు కమిటీ నుంచి కాగితం వచ్చింది. ఖర్చు హద్దు దాటింది పదకొండు వేల ఎనిమిది వందలు. కారణం, రసీదులో పన్నెండు వందల లెక్కన రాసిన కుట్టుపని. మూడు పాయింట్లు కోస్తే ఎనిమిది. ఎనిమిదంటే ఆఖరి స్థానం. ఆఖరి స్థానమంటే మూడో డివిజన్. మూడో డివిజన్ టీములకి కమిటీ గ్రౌండు ఇవ్వదు. గోడ అవతల ఉన్న ఆ గడ్డి మీద రాయల్ హిల్స్ వాళ్లు తమ కుర్ర టీము ప్రాక్టీసు పెట్టుకుంటామని అప్పుడే అర్జీ కూడా పెట్టారు.

దేవసహాయం వచ్చి నా బల్ల మీద కాగితం పెట్టాడు. "నర్సన్నా, పాయింట్లు కోసే ముందు ఇదే ఆఖరి పంచాయితీ. మంగళవారం కమిటీ మేడం మన షాపుకే వస్తది, పని విలువ చూడనీకి. నీ అసలు రేటు చెప్పు. గంతే."

"నా పని నూట యాభైదే అని నా నోటితోని చెప్పాల్నా?"

"చెప్పకపోతే గ్రౌండు పోతది."

"పదకొండేండ్లకు ఒక్కసారి పేరెక్కింది దేవన్నా."

దేవసహాయం చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున బాలనర్సు షాపు తెరిచాక మొదట చేసిన పని, గోడకున్న రేట్ల అట్ట మీద ఒక కోటు తగిలించడం. ఆ అట్ట అతని చేతిరాతే. ప్యాంటు, షర్టు, జాకెట్టు, జిప్పు మార్చుట. టీ తెచ్చిన అతని భార్య సత్తెమ్మ కోటు వంక చూసింది.

"ఆ కోటు అక్కడెందుకు పెట్టినవ్?"

"ఆరనీ."

"పొడి కోటు ఆరుడేందయ్యా?"

అతను ఉత్తినే నన్ను తొక్కాడు, సూది కింద గుడ్డ లేకుండా. నాకది ఇష్టం లేని పని. సత్తెమ్మ గ్లాసు పెట్టి, పోతూ పోతూ ఒక మాటంది.

"ఆ గోడెక్కి కూసునే సుఖం పోతే, ఆ తర్వాత నీ తొక్కుడంతా దీని మీదనే, నీ నోరంతా నా మీదనే. అది యాది పెట్టుకో."

పదకొండింటికి కమిటీ మేడం వచ్చింది. సుభాషిణి, ఏదో ఆఫీసులో అకౌంట్లు చూసి రిటైరైన మనిషి. చేతిలో గొడుగు, సంచిలో మా జెర్సీ ఒకటి. కుర్చీలో కూర్చుని జెర్సీని లోపలివైపుకి తిప్పి కుట్లు చూసింది. చంక దగ్గర నేను వదిలేసిన రెండు కుట్లు, వాటి మీద బాలనర్సు చేతిసూదితో వేసిన కుట్టు, అన్నీ చూసింది. నాకు సిగ్గేసింది.

"బాలనర్సు గారూ, ఇది మీరే కుట్టారా?"

"నేనే మేడం."

"పన్నెండు వందలు?"

"పెద్ద షాపుల పదిహేను వందలు తీసుకుంటరు."

"పెద్ద షాపు సంగతి అడగలేదు. మీ దగ్గర ఎవరైనా పన్నెండు వందలిచ్చి కుట్టించుకున్నారా?"

మేడం వెంట వచ్చిన దేవసహాయం గుమ్మం దగ్గర నేల చూపులు చూస్తున్నాడు. గోడ అవతల ఎవరో బంతి తన్నుకుంటున్నారు. తన్నిన ప్రతిసారీ దబ్‌మని వినిపిస్తోంది. బాలనర్సు కాలు నా పలక మీదే ఉంది. మిషన్ని కాబట్టి నాకు అబద్ధం తెలుస్తుంది. అబద్ధమాడే ముందు కాలు బిగుస్తుంది. ఆ రోజు బిగుసుకుని, మళ్లీ వదులైంది.

అతను లేచాడు. కోటు తీసి భుజాన వేసుకున్నాడు.

"అండ్ల ఉంది మేడం. ఆఖరి లైను."

ఆఖరి లైను: స్పోర్ట్సు సెట్టు నూట యాభై.

మేడం అట్ట చదివి, కాగితం తీసింది. "ఇది మీరే రాసి సంతకం పెట్టాలి. రసీదులో ఉన్నది తప్పని."

"రాస్త. కానీ నాకు జర టైం పడ్తది." నా బల్ల మీదే కాగితం పెట్టుకుని ఒక్కో అక్షరం కుట్టినట్టు రాశాడు. ఇరవై నాలుగు సెట్లు, నూట యాభై లెక్కన, మూడు వేల ఆరు వందలు. సంతకం పెట్టి తల ఎత్తాడు. "బోర్డు మీద పేరు పోతది గదా?"

"పాతిక వేలు కాలేదుగా. తీసెయ్యాలి," అంది మేడం. కొంచెం ఆగి, "తప్పు రసీదుకి అయిదు వందలు జరిమానా ఉంటుంది," అంది.

"జరిమానా కూడా ఖర్చులో పడ్తదా మేడం?" అన్నాడు దేవసహాయం.

"పడుతుంది. పడినా మీరు హద్దు లోపలే ఉన్నారు."

"ఆ అయిదు వందలు నేను కడ్త," అన్నాడు బాలనర్సు.

"మీరు కడితే అది విరాళం. దానికి మళ్లీ రసీదు రాయాలి."

దేవసహాయం రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దన్నా. నీకు దండం పెడ్త. నువ్వేమీ ఇయ్యకు."

మేడం నవ్వింది. బాలనర్సు నవ్వలేదు గానీ కుర్చీలో ఎంత వదులుగా కూలబడ్డాడో నాకు తెలుసు. బోర్డు మీద పేరెక్కిన రోజునుంచి ఆ మనిషి నడుం నిటారుగా పెట్టుకునే కూర్చున్నాడు. ఎవరో వచ్చి అడుగుతారని. అడిగేశారు. అయిపోయింది.

పాయింట్లు పదకొండూ మిగిలాయి. రాతిబావి రెండో డివిజన్‌లోనే ఉంది. రాయల్ హిల్స్ పైకి పోయింది. రూలు మారలేదు. వచ్చే ఏడు పైనుంచి జారేవాడికి కూడా ఊరట సొమ్ము వస్తుంది, వాడూ గోవా వెళ్తాడు. మావాళ్లు మళ్లీ చివరి నుంచి రెండో స్థానం కోసమే చెమటోడుస్తారు. అయినా గ్రౌండు మాదే. దాని మీద గడ్డి పెరిగిన చప్పుడు కూడా నాకు హాయిగా వినిపించింది కొన్నాళ్లు.

పేరు చెరపడానికి పెయింటరు మూడు వందలడిగాడు. అది మళ్లీ ఖర్చని బాలనర్సే కిరసనాయిలు, పీలిక పట్టుకుపోయి తుడిచాడు. పూర్తిగా పోలేదు. పక్కనుంచి ఎండ పడితే ఇంకా చదవొచ్చు. ఇటుకల బట్టీ అతని పేరుకీ, పెళ్లిమండపం ఆయన పేరుకీ మధ్య లేతగా కనిపిస్తుంది.

ఇది నాకెలా తెలుసంటే, నేనిప్పుడు ఆ గదిలోనే ఉన్నాను. మోకాలు నొప్పెట్టి బాలనర్సు మోటారు మిషను కొనుక్కున్నాడు. నన్ను క్లబ్బుకి ఇస్తానంటే దేవసహాయం భయపడి ముందు విలువ కట్టించాడు. పాతసామాన్లవాడు వచ్చి తూచాడు. ఇరవై తొమ్మిది కిలోలు. ఇన్నేళ్లలో రెండు కిలోలు అరిగాను. తూకం లెక్కన తొమ్మిది వందల చిల్లర. ఈసారి నాకు బాధనిపించలేదు. ఖర్చులో పడినా ఎవరికీ పాయింటు పోదు.

ఆట మధ్య విరామంలో నా బల్ల మీద నిమ్మకాయలు కోస్తారు. మొన్న మొదటి మ్యాచులో ఒకడి జెర్సీ భుజం దగ్గర చిరిగింది. గోడ మీదున్న బాలనర్సుని పిలిచారు. వచ్చి, నిమ్మతొక్కలు పక్కకి తోసి, అదే ఎడమ కాలు నా పలక మీద పెట్టి, నిమిషంలో కుట్టాడు. గుమ్మంలో దేవసహాయం నిలబడి ఉన్నాడు.

"రసీదు రాయాల్నా నర్సన్నా?"

"రాస్తే సూది గుచ్చుత," అన్నాడు బాలనర్సు, దారాన్ని పళ్లతో తెంపి.

కుర్రాడు జెర్సీ తొడుక్కుంటూ గ్రౌండులోకి పరిగెత్తాడు. బాలనర్సు కుంటుకుంటూ మళ్లీ గోడెక్కడానికి పోయాడు. నా చక్రం ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది.