గుండుసూది లేని ఊరు

రెంజో తెచ్చిన మ్యాపు చర్చి హాల్లో ఒక గోడను సగానికి సగం ఆక్రమించింది. ఒక పక్క ప్రపంచమంతా, మరో పక్క స్కాట్లండ్ ఒక్కటే విడిగా, పెద్దదిగా. దాని మీద ఇత్తడి గుండుసూదులు మిలమిల మెరుస్తున్నాయి. ప్రొయెట్టి అనే ఇంటిపేరుతో మనుషులు ఏ ఊళ్ళో ఉన్నారో ఆ ఊరి మీద మనిషికొక సూది.

బల్లల మీద కాగితపు గుడ్డలు పరుస్తున్న లొరెటా ఆ పని ఆపి మ్యాపు దగ్గరికి వెళ్ళింది. బ్యూనస్ ఎయిర్స్ మీద సూదులు ఎంత ఒత్తుగా ఉన్నాయంటే ఊరి పేరే కనబడలేదు. సావో పాలో, టొరంటో, మార్సే, మెల్‌బోర్న్ అన్నీ ఉన్నాయి. ఆమె మెల్లగా స్కాట్లండ్ వైపు జరిగి, పడమటి తీరం వెంట వేలు పెట్టుకుంటూ కిందికి దిగింది. ఎయిర్ పట్నం మీద సూదులున్నాయి. ఇంకా కిందికి వచ్చింది. గర్వన్ దగ్గర ఏమీ లేదు. ఉత్త కాగితం.

ఆమె నిలబడి ఉన్న ఊరు గర్వన్. రేవు పక్కన ఆమె నడిపే చేపల వేపుడు, ఐస్‌క్రీం కొట్టు మీద ఎర్రటి అక్షరాలతో ప్రొయెట్టి అని రాసి ఉంటుంది. పడవలవాళ్ళు, బడిపిల్లలు, పాస్టర్‌తో సహా ఊరంతా "ప్రొయెట్టికి వెళ్ళొస్తాం" అనే అంటారు. సముద్రం ఒడ్డు బేరాలు తగ్గే సెప్టెంబరు చివర్లో చుట్టాలందరినీ ఒకచోట చేర్చే అలవాటు మొదలుపెట్టిందీ ఆ కొట్టు వెనక గదిలోనే. ఆమె తండ్రి సిల్వియో మొదలుపెట్టాడు. మనుషులు పెరిగి, గది చాలక, తర్వాత హాలుకు మారారు. వంట మాత్రం ఇప్పటికీ లొరెటాదే.

రెంజో ఆమె పెదనాన్న కొడుకు. ఎయిర్‌లో ఐస్‌క్రీం బళ్ళు తిప్పుతాడు. మనసు మంచిదే, గొంతే పెద్దది. నిచ్చెన మడుస్తున్న అతణ్ణి ఆమె పిలిచింది.

"అన్నయ్యా, గర్వన్ సూది రాలిపోయినట్టుంది."

"రాలిపోలేదమ్మా. పెట్టలేదు."

రెంజో తప్పు చేసినవాడిలా లేడు. ఓపిగ్గా వివరించాడు. ఏ ఖండంలో ఎవరున్నారో రెండేళ్ళపాటు ఫోన్లు చేసి చేసి తేల్చాడట. పేరు ఉన్నవాళ్ళకే సూది, అదొక్కటే నియమం. సిల్వియో చిన్నాన్న బతికుంటే మొట్టమొదటి సూది గర్వన్ మీదే గుచ్చేవాణ్ణన్నాడు. ఆయనకు కొడుకులు లేరు. లొరెటా పెళ్ళి చేసుకుని మెక్రిండిల్ అయిపోయింది. కాబట్టి ఇక్కడ పేరు ఆగిపోయినట్టే లెక్క. వచ్చే వారం ఈ మ్యాపును ఇటలీలో తాతల కొండ ఊరికి పంపుతున్నాడు. అక్కడి మునిసిపల్ ఆఫీసులో గోడకు బిగిస్తారు. ఇక అది శాశ్వతంగా అక్కడే ఉంటుంది.

"కొట్టు మీద ఏం రాసుంది?" అంది లొరెటా.

"కొట్టు మనిషి కాదు కదా చెల్లీ."

"మరి మొరాగ్ వదినకి ఎయిర్‌లో సూది పెట్టావే?"

"ఆవిడ ప్రొయెట్టి. పోయిన మా అన్న భార్య."

"ఆవిడ కెనెడీల పిల్ల. ఇప్పటికీ ఇటలీ ఎటుందో తెలీదు."

రెంజో నవ్వి, జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో కొన్ని వెండి రంగు సూదులు మిగిలాయట. కావాలంటే ఆడపిల్లలకని మ్యాపు కింది అంచున ఒక వరసలో గుచ్చుదామన్నాడు. ఊరి మీద కాదు, అంచున. ఎవరి మనసూ నొచ్చుకోకుండా ఉంటుందన్నాడు.

"వద్దు," అని లొరెటా మళ్ళీ బల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

హాలు వెనక వంటగదిలో ఆమె భర్త హ్యూ హాడక్ చేపలను పిండిలో ముంచి నూనెలో వదులుతున్నాడు. పడవ మానేశాక ఆయన చేతికి ఇదే పని. చేపలను ఎంత మెత్తగా పట్టుకుంటాడో మాటను అంత గట్టిగా పట్టుకునే మనిషి. లొరెటా జరిగింది చెప్పింది. ఆయన వేగిన ముక్కను జల్లెడలోకి తీసి నూనె ఓడనిచ్చాడు.

"మా నాన్నమ్మని ఈ రేవులో ఒక్కడు కూడా మెక్రిండిల్ అని పిలవలేదు," అన్నాడు. "చచ్చిపోయాక రాయి మీద కూడా పుట్టింటి పేరే చెక్కారు. ఈ ఒడ్డున అందరి రాళ్ళూ అంతే. నా పేరు నీకెవరు తగిలించారో మరి. నేనైతే కాదు."

అది నిజమే. పెళ్ళైన కొత్తలో బ్యాంకులో గుమాస్తా అలా రాసుకున్నాడు. కొట్టు మీద అంతంత అక్షరాలు ఉండగా ఒక కాగితం మీద ఏముంటే ఏమిటని లొరెటా పట్టించుకోలేదు. ఆ కాగితమే ఇంకో కాగితాన్ని కన్నది. డాక్టరు దగ్గర, పన్ను ఆఫీసులో, ఆఖరికి రెంజో ఫోన్లలో ఆమె మెక్రిండిల్‌గానే మిగిలింది.

"ఏం చేస్తావు?" అన్నాడు హ్యూ.

"ముందు వాళ్ళకి కడుపునిండా పెడతాను. ఆకలితో ఉన్నవాళ్ళకి ఏం చెప్పినా చెవికెక్కదు."

మధ్యాహ్నానికి హాలు నిండింది. చేపలు, చిప్స్, మెత్తగా ఉడికిన బఠానీలు అయిపోయి, కోరిందపండు పానకం పోసిన ఐస్‌క్రీం గిన్నెలు తిరుగుతుండగా రెంజో లేచాడు. మ్యాపు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

మన పేరు రోము చక్రవర్తుల నాటిది అన్నాడు. ఈటెలు విసిరే దళానికి నాయకుడైన ఒక యోధుడి పేరట. అందుకని ఈటె బొమ్మతో ఒక ముద్ర కూడా వేయించాడు, మ్యాపు పైన ఎర్రగా ఉంది. ఆ యోధుడి సంతానం కొండల్లోకి వచ్చిందట. అక్కడినుంచి తాతలు నెత్తిన తట్టలో సున్నపు బొమ్మలు పెట్టుకుని, మంచు కొండలు దాటి, ఫ్రాన్సు మీదుగా నడిచి వచ్చారు. చలికాలం కాల్చిన చెస్ట్‌నట్ గింజలు, ఎండాకాలం ఐస్‌క్రీం అమ్మారు. కొందరు ఓడలెక్కి అర్జెంటీనాకీ బ్రెజిల్‌కీ పోయారు. ఈ నడక అంతా నిజమే కాబట్టి ముసలివాళ్ళు తలలూపారు, పిల్లలు చప్పట్లు కొట్టారు. తండ్రినుంచి కొడుక్కి, కొడుకునుంచి మనవడికి, ఎక్కడా తెగకుండా వచ్చిన పేరిది అని రెంజో ముగించాడు. స్కాట్లండ్‌లో మాత్రం సూదులు మూడుకి వచ్చాయని, యువకులు కాస్త శ్రద్ధ పెట్టాలని అంటే అందరూ నవ్వారు.

లొరెటా తడి చేతులు అప్రానుకు తుడుచుకుంటూ మధ్యలోకి వచ్చింది.

"ఎజీదియో బాబాయ్," అంది. మార్సేనుంచి వచ్చి ముందు వరసలో కూచున్న ఆ ముసలాయన, చుట్టాల్లో ఆ కొండ ఊళ్ళో పుట్టి పెరిగిన ఆఖరి మనిషి. "ఊళ్ళో ప్రొయెట్టీలు చాలా ఇళ్ళు కదా. ఎవరెవరో ఎట్లా చెప్పుకునేవాళ్ళు?"

"వాడుక పేర్లుండేవి," అన్నాడు ఆయన. "కమ్మరోళ్ళు, కుంటోడి వాళ్ళు, అట్లా. దారిలో ఎవరైనా ఆపి, ఎవరి పిల్లాడివిరా అంటే ఆ పేరే చెప్పాలి. ఇంటిపేరు చెప్తే తెలీదు."

"మరి మనమో?"

"మనం ఆన్యేసె వాళ్ళం."

ముసలివాళ్ళందరూ చిన్నగా నవ్వారు. రెంజో కూడా నవ్వాడు. చిన్నప్పుడు వాళ్ళందరూ ఆ మాట అని అని ఉన్నవాళ్ళే. పడవలవాళ్ళని పడవలవాళ్ళు అన్నట్టు, దాని వెనక ఏముందని ఎవరూ ఆగి అడగలేదు.

"ఆన్యేసె ఎవరు బాబాయ్?"

ఎజీదియో గిన్నెలో చెంచా తిప్పాడు.

"ఆడమనిషి," అన్నాడు. "ఆవిడ మొగుడి పేరు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు."

"ఎందుకంటే లేడు కాబట్టి," అంది లొరెటా.

తర్వాత ఆమె తన నాన్నమ్మ చెప్పిన కథ చెప్పింది. కొట్టు వెనక ఇద్దరూ బంగాళాదుంపలు చెక్కు తీస్తుండగా విన్న సంగతి. మగవాళ్ళు ఆ పనికి వచ్చేవాళ్ళు కాదు కాబట్టి వాళ్ళ చెవిన పడలేదు. రోములో ఒక ఆసుపత్రి గోడలో తిరిగే కొయ్య తొట్టి ఉండేది. పెంచలేని తల్లులు బిడ్డను బయటినుంచి అందులో పెట్టి తిప్పితే లోపలి సన్యాసినులు తీసుకునేవాళ్ళు. అట్లా వదిలేసిన పిల్లలందరికీ ఒకటే ఇంటిపేరు. ప్రొయెట్టి, అంటే పారేసినవాళ్ళు. అట్లా దొరికిన ఒక ఆడపిల్లను పాలిచ్చి పెంచమని కొండ ఊరికి పంపారు. ఆన్యేసె అంటే ఆ పిల్లే. పెద్దదై, పెళ్ళి కాకుండానే కొడుకును కన్నది. బిడ్డను తీసుకెళ్ళి ఆ తొట్టిలోనే పెట్టి రమ్మని ఊరంతా పోరింది. ఆమె వినలేదు. నన్ను పెట్టింది చాలు, వీణ్ణి పెట్టను అంది. తనకున్నది ఒక్క పేరే. అదే కొడుక్కి ఇచ్చింది.

"మనమందరం వాడి సంతానం," అంది లొరెటా. "ఈటెలూ లేవు, యోధులూ లేరు."

ఎవరో బెంచీ మీద ఇబ్బందిగా కదిలారు. రెంజో ముఖం కందిపోయింది. పిల్లల ముందు ఇవేం మాటలు, ఇన్నేళ్ళ పరువు ఒక్కపూటలో తీస్తావా అన్నాడు. మనం దిక్కులేని పిల్లల వంశమా అని అడిగాడు.

"అవును. అందులో సిగ్గుపడేదేముంది? సిగ్గు పడాల్సినావిడే పడలేదు."

"సరే, అయ్యుండొచ్చు. అయినా నియమం నియమమే," అన్నాడు రెంజో. "కూతుళ్ళతో పేరు ఆగిపోతుంది. అది నేను పెట్టింది కాదు. కూచో లొరెటా."

లొరెటా కూచోలేదు. మ్యాపు దగ్గరికి నడిచి, ఇటలీ మధ్యలో, కొండల మీద గుచ్చిన సూదిని పట్టుకుంది. అది మిగతావాటికంటే పెద్దది. లాగి చేతిలో వేసుకుంది.

"నీ నియమం ప్రకారం పేరు ఇక్కడే ఆగిపోయింది," అంది. "ఆన్యేసె ఆడపిల్ల కదా. ఇక ఈ సూదులన్నీ ఎందుకు?"

మార్సే సూది లాగింది. టొరంటోది లాగింది. తొందర లేదు, కోపం లేదు. పొద్దున్నే కొట్టు తెరిచి కుర్చీలు దించుతున్నంత మామూలుగా ఒక్కొక్కటే తీస్తోంది. బ్యూనస్ ఎయిర్స్ దగ్గర చాలాసేపు పట్టింది. కాగితం నిండా చిన్న చిన్న చిల్లులు మిగిలాయి. రెంజో కొడుకు లేవబోతే హ్యూ వంటగది గుమ్మంలోంచే వాడి వైపు చూశాడు. వాడు కూచున్నాడు.

ఎయిర్ దగ్గరికి వచ్చేసరికి మొరాగ్ గట్టిగా అంది, "నాది కూడా తియ్యి లొరెటా. ఎన్నేళ్ళుగానో మోస్తున్నా, నాదెప్పుడు అయింది కనక."

ఎక్కడో ఒక నవ్వు వినిపించి ఆగిపోయింది. లొరెటా మొరాగ్ సూదీ, రెంజో కొడుకు సూదీ తీసింది. ఆఖరిది రెంజోది. దాన్ని ముట్టుకోలేదు.

"అది నువ్వు తియ్యి అన్నయ్యా. నువ్వు పెట్టిన నియమమే."

"నేను పెట్టలేదన్నానుగా."

"అయితే ఆ నియమాన్ని వదిలెయ్యి."

రెంజో కదలలేదు. రెండేళ్ళు పట్టిన పని ఇప్పుడు ఆమె అరచేతిలో గుప్పెడు ఇత్తడిగా ఉంది. అతను దాన్ని చూశాడు, మ్యాపును చూశాడు, ముందు వరసలో ఎజీదియోను చూశాడు. ముసలాయన అతనికి ఏ సాయమూ చేయలేదు. గిన్నె పక్కన పెట్టి, పిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా అన్నాడు:

"దారిలో ఆపి అడిగితే నేను ఇప్పటికీ అదే చెప్తానురా. ఆన్యేసె వాణ్ణని."

రెంజో తన సూది తీయలేదు. లొరెటాకు ఎదురుగా వచ్చి, ఆమె చేతిలోంచి ఒక సూది తీసుకున్నాడు.

"గర్వన్ ఎక్కడుందో చూపించు," అన్నాడు.

"నీకు తెలీదా? ప్రతి సెప్టెంబరూ వచ్చి తింటున్నావు. వెతుక్కో."

కళ్ళజోడు బల్ల మీద మర్చిపోయాడు. తెచ్చుకోవడానికి వెనక్కి వెళ్ళలేదు. ముఖం మ్యాపుకు ఆనించి, తీరం వెంట వేలు జరుపుతూ వచ్చి, ఒకచోట గుచ్చి పక్కకు జరిగాడు. జనం చప్పట్లు కొట్టడానికి చేతులెత్తారు.

లొరెటా వంగి చూసింది. సూది ఒడ్డు దాటి, ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న రాతి దీవి మీద నిలబడి ఉంది.

"అది ఎయిల్సా క్రెయిగ్," అంది. "అక్కడ పక్షులుంటాయి, నేనుండను. తీసి నేల మీద గుచ్చు. తర్వాత మిగతావన్నీ ఉన్నాయి, ఈసారి కూతుళ్ళని కూడా అడిగి మరీ పెడదాం."

ఆమె ఒక కుర్చీ లాక్కుని మ్యాపు పక్కనే కూచుంది. సూదులన్నీ ఒళ్ళో అప్రానులో పోసుకుని, రెంజో గుచ్చేదాకా ఎదురుచూసింది.