అగ్గిపెట్టె పళ్ళు

ఆ ల్యాబులో పొద్దున్నే మొదటి పని మైనం కాచడం, రెండో పని అగ్గిపెట్టె గురించి పోట్లాడుకోవడం. కొన్ని రోజులు ఈ వరస తారుమారయ్యేది.

చిన్న ల్యాబు. పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చులు చూసి కట్టుడు పళ్ళు తయారుచేస్తారు. కిటికీ పక్క బల్ల దగ్గర మైనం మాస్టారు కూర్చుంటాడు. వేడి మైనంలో పళ్ళను ఒక్కొక్కటే వరసలో నిలబెట్టడం ఆయన పని. సింకు దగ్గర ప్లాస్టర్ కలిపి అచ్చులు పోసేవాడు మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లగానే ఉంటాడు కాబట్టి అందరికీ సుద్దన్న. లోపలి గోడవైపు, గిర్రున తిరిగే చక్రం దగ్గర పాలిష్ అక్క. ఆమె సుద్దన్నను అన్నా అంటుంది, అతను ఆమెను అక్కా అంటాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకోవాలని ఇద్దరికీ అనిపించలేదు.

అగ్గిపెట్టె అంటే ఒకప్పటి ర్యాప్ పాటగాడు. అగ్గిపెట్టె మీద వేళ్ళతో దరువేస్తూ మొదటి పాట పాడాడు గనక ఆ పేరు. తర్వాత సినిమాల్లోకి వెళ్ళాడు. మాస్టారు పాటల కాలం అభిమాని. సుద్దన్న సినిమాల కాలం అభిమాని. ఒకే మనిషికి ఇద్దరు అభిమానులుంటే వాళ్ళంత బద్ధశత్రువులు మరెవరూ ఉండరు.

"హాయిగా పాడుకునేవాణ్ణి తీసుకెళ్ళి మేకప్ వేశారు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు," అనేవాడు మాస్టారు.

"లిఫ్టు సినిమా చూసి మాట్లాడండి మాస్టారూ."

"చూశానయ్యా. మూగ లిఫ్టువాడి వేషం. మాటల మీద బతికినవాడు నోరు మూసుకుంటే గానీ నటుడు కాలేదు. అది పొగడ్తా, తిట్టా?"

"దానికే కదా అందరూ ఏడ్చారు?"

"నేనూ ఏడ్చాను. పాటలు గుర్తొచ్చి."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఇద్దరూ. పాలిష్ అక్క చక్రం ఆపకుండా వినేది. ఆమెకూ అగ్గిపెట్టె పాటలు మొత్తం వచ్చు. ఇంట్లో ఆ పాటలు మొదట తెచ్చింది ఆమె తమ్ముడు.

మైనం సంగతి ఇక్కడ చెప్పాలి. అది మెత్తగా ఉన్నంతసేపూ దగ్గర్లో ఏం మాట్లాడినా ఆ మాట పళ్ళకు పట్టేస్తుంది. ఆ తర్వాత మైనం తీసేసి గులాబీ రంగు ప్లాస్టిక్ చిగురు పోసినా మాట పోదు. పెట్టుకున్నవాళ్ళు నాలుగు పూటలు గట్టిగా నమిలేదాకా అదే మాట్లాడతారు. ఇది డాక్టర్లకూ తెలుసు, పళ్ళు పెట్టించుకునేవాళ్ళకూ తెలుసు. చీటీ మీద పంటి రంగు రాశాక, కింద "మర్యాదగా మాట్లాడండి" అని కూడా రాసేవారు. ఒకసారి ఆ మాట మరిచిపోయారు. జీవితంలో సినిమా హాలు గడప తొక్కని ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్, కొత్త పళ్ళతో మనవరాలి ముందు కూర్చుని, ఇంటర్వెల్ తర్వాత అగ్గిపెట్టె పూర్తిగా తేలిపోయాడని గంటసేపు వాదించింది. ఆమె కొడుకు వచ్చి మేడమ్‌ను నాలుగు మాటలని పోయాడు. ల్యాబు యజమానురాలే మేడమ్. అప్పటినుంచి ఆమె మైనం వేడెక్కగానే రేడియోలో వాతావరణ విశేషాలు పెట్టడం మొదలుపెట్టింది. అందుకే ఆ చుట్టుపక్కల కట్టుడు పళ్ళవాళ్ళు నలుగురు కలిస్తే వాన గురించే మాట్లాడుకునేవారు.

ఇంతలో చెంపదెబ్బ గొడవ వచ్చింది.

షూటింగులో అగ్గిపెట్టె ఒక మైకు మనిషిని కొట్టాడని కబురు. మైకు మనిషి అంటే పొడుగాటి కర్రకు మైకు కట్టి, నటుల తలల మీద ఎత్తి పట్టుకుని నిలబడేవాడు. ఎవరో అడిగితే, అవును కొట్టాడని అతను చెప్పాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఆ మాట సాయంత్రానికి అందరి ఫోన్లలోనూ ఉంది. మర్నాడు అగ్గిపెట్టె ఆఫీసువాళ్ళు అలాంటిదేమీ జరగలేదని ప్రకటించారు. అగ్గిపెట్టె మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఇక అభిమానులు మైకు మనిషి మీద పడ్డారు. పేరు కోసం అబద్ధమాడాడన్నారు. అతని ఫోటో వెతికి పట్టుకుని దాని కింద రాయకూడనివి రాశారు. అతన్ని పనికి పిలిచేవాళ్ళు లేకపోయారు.

దేనికీ కలవని మాస్టారు, సుద్దన్న ఈ ఒక్క విషయంలో కలిశారు.

"ఆ మైకోడు వట్టి కోతలరాయుడు," అన్నాడు మాస్టారు.

"మొహం చూస్తేనే తెలుస్తోంది," అన్నాడు సుద్దన్న.

పాలిష్ అక్క చక్రం వేగం పెంచింది. మైకోడు ఆమె తమ్ముడు.

నోట్లో నాలుక లేనివాడు తమ్ముడు. అక్కా తమ్ముళ్ళిద్దరే ఒక రెండు గదుల ఇంట్లో ఉంటారు. ఆ గొడవ అయ్యాక అతను ముందు ఫోను చూడటం మానేశాడు, తర్వాత గుమ్మం దాటడం మానేశాడు. ఇంట్లో ఎవరూ లేకపోయినా గుసగుసగానే మాట్లాడేవాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే వీడు మాట్లాడటమే మరిచిపోతాడని ఆమెకు భయం పట్టుకుంది. వాణ్ణి మళ్ళీ పనికి పిలవాలంటే వాడు అబద్ధమాడలేదని తేలాలి. తేల్చగలిగినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు, వాడేమో నోరు విప్పడు.

అలా ఉండగా అగ్గిపెట్టె ఒక ఫైటులో బోర్లా పడి ముందు పళ్ళు రెండూ విరగ్గొట్టుకున్నాడని వార్త వచ్చింది. ఆ వారంలోనే ఒక డాక్టరు దగ్గర్నుంచి అచ్చు, దాంతో ఒక చీటీ వచ్చాయి. చాలా అర్జెంటు. ముందు పళ్ళు రెండు, తీసి పెట్టుకునేవి. మధ్యలో సందు మునుపటిలాగే ఉండాలి. మర్యాదగా మాట్లాడండి. పేరు ఎవరిదో రాసుంది. ముక్కు కింద నుంచి గడ్డం దాకా కత్తిరించిన పాత ఫోటో ఒకటి జతచేసి ఉంది.

సుద్దన్న ఫోటో చూశాడు. మాస్టారికి చూపించాడు. పాటల కాలానికీ సినిమాల కాలానికీ ఆ సందు ఒక్కటే మారలేదు.

"అతనే," అన్నాడు మాస్టారు.

మేడమ్ ఆ రోజు డాక్టర్లను కలవడానికి బయటికి వెళ్ళింది. మాస్టారు మైనం కాచాడు, ప్లాస్టర్ అచ్చు మీద పరిచాడు, రెండు పళ్ళు నిలబెట్టాడు. రేడియోలో ఎక్కడో తుఫాను బలపడుతోంది. మాస్టారు లేచి, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. రేడియో కట్టేశాడు. మళ్ళీ బల్ల దగ్గరికొచ్చి, పళ్ళ మీదకి వంగి, బుజ్జగిస్తున్నట్టుగా అన్నాడు.

"నేను ఇక సినిమాలు చెయ్యను. పాటలే పాడతాను."

సుద్దన్న చేతిలో గిన్నె సింకులో పడేసి పరిగెత్తుకొచ్చి, తనూ పళ్ళ మీదకి వంగాడు. "ఇదన్యాయం మాస్టారూ! లిఫ్టు సినిమా రెండో భాగం చేస్తాను! వచ్చే ఏడే చేస్తాను!"

"పాటలే పాడతాను!"

"రెండో భాగం!"

రెండు తలలూ అచ్చు మీద ఢీకొనేలా ఉన్నాయి. పాలిష్ అక్క చక్రం ఆపింది. అది పూర్తిగా ఆగేదాకా కూర్చుని, లేచి వచ్చి వాళ్ళ వెనక నిలబడింది.

"ఆ మైకోడు మా తమ్ముడు," అంది.

ఇద్దరూ తిరిగి చూశారు.

"మైకు నీడ మొహం మీద పడిందని కొట్టాడు. అందరి ముందూ, ఎడమ చెంప మీద. మా వాడు అబద్ధమాడలేదు. వాడికి అబద్ధమాడటం చేతకాదు, చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టినా వాడే వచ్చి చెప్పి తన్నులు తినేవాడు. అగ్గిపెట్టె కొట్టాడు. కొట్టి, ఇన్నాళ్ళూ మా వాణ్ణి దొంగను చేసి కూర్చున్నాడు."

గట్టిగా కూడా అనలేదు. వీధిలో ఏదో బండి పోయిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ నోరెత్తలేదు, ఆ చాలాసేపట్లో మైనం గట్టిపడింది.

"ముందే చెప్పొచ్చు కదక్కా," అన్నాడు సుద్దన్న.

"చెప్తే నా ముందు అనడం మానేసేవాళ్ళు. అనుకోవడం మానేసేవాళ్ళా?"

సుద్దన్న తెల్లటి చేతులు చూసుకున్నాడు. మాస్టారు గోటితో మైనం నొక్కి చూశాడు. "పట్టేసింది," అన్నాడు. చివర వినబడ్డ మాటే గట్టిగా పట్టుకుంటుందని ముగ్గురికీ తెలుసు. కొత్త పళ్ళ పెట్టె ఆయన మోచేతి దగ్గరే ఉంది. ఈ రెండూ పీకేసి వేరే రెండు పెట్టి, రేడియోలో తుఫాను వినిపిస్తే ఏ గొడవా ఉండదు. మాస్టారు పెట్టె మూత తీశాడు.

"నువ్వు చెప్పమ్మాయ్. మార్చనా?"

మార్చమంటే తమ్ముడు మిగలడు. వద్దంటే ఇంకొకరి నోట్లో తన మాట పెట్టినట్టు. ఆమె వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది.

"అతను కొట్టకపోతే ఈ పళ్ళు ఏమన్నా పోయేదేం లేదు. నాలుగు పూటలు తింటే వదిలిపోతుంది," అన్నాడు మాస్టారు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

"కొట్టి ఉంటే?" అన్నాడు సుద్దన్న.

"కొట్టి ఉంటే, ఇన్నేళ్ళూ నేను ఎవరి పాటలు విన్నట్టు?"

ఆయన పెట్టె మూత వేసేశాడు.

చివరికి ఆ పళ్ళు పాలిష్‌కి ఆమె దగ్గరికే వచ్చాయి. ఆమెకు కోపం లేకపోలేదు, చక్రానికి కాస్త గట్టిగా ఆనిస్తే సందు చెరిగిపోతుందని కూడా తెలుసు. కానీ ఎవరి పళ్ళనైనా ఎలా రుద్దుతుందో అలాగే రుద్దింది. చిగురు అంచులు నాలుకకు గుచ్చుకోకుండా రెండుసార్లు వేలితో తడిమి చూసి, డబ్బాలో పెట్టి పంపించేసింది.

తర్వాత కొద్ది రోజులకే అగ్గిపెట్టె కొత్త సినిమా సభ జరిగింది. ముగ్గురూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు పక్కన పెట్టి మేడమ్ గదిలో టీవీ ముందు నిలబడ్డారు. రేడియో సంగతి మేడమ్‌కి ఇంకా తెలియదు. ఆ పొద్దునే కొత్త పళ్ళు పెట్టించుకున్న అగ్గిపెట్టె నల్ల చొక్కాలో వచ్చి కూర్చుని నవ్వాడు. సందు చక్కగా కుదిరింది. మాస్టారు అంత ఆత్రంలోనూ అది గమనించాడు.

విలేకరులు ఏవేవో అడిగారు. మళ్ళీ పాడతారా అని ఎవరో అడిగారు.

"పా..." అని ఆగాడు. "రెండో..." అని ఆగాడు. తర్వాత అతని పెదవులు వేరే మాటకి సిద్ధపడ్డాయి. "ఆ మైకు..." అన్నాడు, వెంటనే చేత్తో నోరు మూసుకున్నాడు.

కట్టుడు పళ్ళ సంగతి తెలియనివాళ్ళెవరూ ఆ సభలో లేరు. అందరూ ఓపిగ్గా ఎదురుచూశారు. అగ్గిపెట్టె తల పక్కకి తిప్పి, వేళ్ళు నోట్లో పెట్టి, పళ్ళు రెండూ ఊడదీసి గుప్పిట్లో పట్టుకున్నాడు.

"అయిపోయింది," అన్నాడు సుద్దన్న.

పాలిష్ అక్క మేడమ్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఉన్న ఒక్క దారీ వాడి గుప్పిట్లో మూసుకుపోయిందని ఆమెకు ఏడుపొచ్చింది.

అగ్గిపెట్టె గుప్పిట వైపు చూసుకున్నాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నారంతా. వెళ్ళలేదు. మైకు దగ్గరికి జరిగాడు. ముందు పళ్ళు లేని నోట్లోంచి గాలి ఈలలా పోతుంటే, ఒక్కో మాటా పట్టి పట్టి, చిన్నపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"నేనే కొట్టాను. ఆ అబ్బాయి చెప్పింది నిజం. నాకు చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను."

నోరు వంకరగా, గడ్డం మీద తడితో, చూడ్డానికి ఏమీ బాగాలేడు. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, మీ తమ్ముణ్ణి నేను చాలా మాటలన్నాను," అన్నాడు. సుద్దన్న తన టిఫిన్ డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు, తినలేదు కదక్కా అంటూ.

మేడమ్ మాత్రం ముగ్గురి మొహాలూ వరసగా చూసి, రేడియో ఎవరు కట్టేశారని అడిగింది.

లోకం ఎప్పట్లాగే రెండుగా చీలింది. సినిమా ఆడటానికే ఆ నాటకమని కొందరు, లిఫ్టు సినిమాలో కన్నా బాగా చేశాడని కొందరు. సినిమా ఆడలేదు. రెండో భాగం తీద్దామనుకున్నవాళ్ళు వెనక్కి తగ్గారు. పళ్ళు లేని నోటితోనైనా సరే పాడితే వింటానని మాస్టారు, వచ్చే ఏడు ఎలాగైనా తీస్తారని సుద్దన్న. మర్నాడు పొద్దున మైనం కాగేలోపే మొదలుపెట్టారు.

ఆ వారాంతంలో పాలిష్ అక్క పని ముగించుకుని ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. ఎండ ఇంకా ఉంది. చాలా రోజులుగా చూడని ఫోను చేతిలో ఉంది. సౌండు మాస్టరు పిలిచాడట, సోమవారం నుంచి రమ్మన్నాడట. ఆ మాట మామూలు గొంతుతో, పక్కింటికి కూడా వినబడేలా చెప్పాడు. అంత గొంతు విని ఎన్నాళ్ళయిందో, ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి కళ్ళు తుడుచుకుంది.

తమ్ముడు పక్కన కూర్చున్నాడు. కాసేపయ్యాక అడిగాడు.

"అక్కా, నిజం చెప్పు. ఆ మాట వాడన్నాడా, మీ పళ్ళన్నాయా?"

"పళ్ళు వాడి చేతిలో ఉన్నాయి కదరా."

తమ్ముడు దాని గురించి ఆలోచించాడు. తర్వాత లేచి, సోమవారం తెల్లవారుజామునే వెళ్ళాలి, మరిచిపోకుండా లేపమని చెప్పి లోపలికి వెళ్ళాడు.