ఓడ ఆపే మనిషి

"ఓడ మనల్ని ఇడిసిపెట్టి పోతే యాడ పండుకుంటామే?" అన్నాను.

అప్పటికి మాకు వీసా రాలేదు, స్వెట్టర్లు కొనలేదు. మా అమ్మాయి వాణి కంప్యూటర్ ముందు కూర్చుని ఐదు నిమిషాలు కూడా కాలేదు.

"మనం ఇంగా నంద్యాలలోనే ఉండాం మా. ముందు ఓడ ఎక్కనీ," అంది.

ఎక్కకముందే అడగాలి. ఎక్కాక అడిగితే సముద్రంలో ఎవరు జవాబు చెప్తారు?

మా విత్తనాల అంగడి ఇప్పుడు వాణి నడుపుతోంది. మా ఆయన నారాయణకు మోకాళ్లు అరిగినప్పటి నుంచి, అంటే మూడేళ్లుగా, అంతా తనే. నిరుడు కంపెనీవాళ్లు చెప్పినదానికంటే ఎక్కువ పత్తి విత్తనాలు అమ్మింది. అలా అమ్మిన డీలర్లను ఎప్పుడూ బ్యాంకాక్ పంపుతారు. ఈసారి వాళ్లకేం పుట్టిందో, అలాస్కా అన్నారు. మంచునదుల పక్కన వారం రోజులు ఓడలో తిప్పుతారట. ఒక్కో డీలరుకు రెండు టికెట్లు.

"ఆ చలికి నా మోకాళ్లు ఆడనే బిగుసుకుంటాయి. మీ అమ్మను తీసకపో," అన్నాడు మా ఆయన. నేను బిగుసుకుపోయినా ఫర్వాలేదన్నమాట.

ఓడ దారిలో ఊళ్ల దగ్గర ఆగుతుంది. ఊరు చూడాలంటే రెండు దారులు. ఓడవాళ్ల బస్సులో పోతే, ఆలస్యమైనా ఓడ మన కోసం ఆగుతుంది. సొంతంగా పోతే ఆగదు. ఈ మాట వాళ్లే కాగితంలో రాశారు. ఇంత స్పష్టంగా బెదిరించినవాళ్లను నేను పెళ్లిసంబంధాల్లో కూడా చూడలేదు.

వాణి సొంతంగానే పోదామంది. జూనో అనే ఊళ్లో ఓడ శుక్రవారం పొద్దున ఎనిమిదికి ఆగుతుంది. సాయంత్రం నాలుగున్నరకల్లా మళ్లీ ఎక్కేయాలి. ఊరి బస్సు మంచునదికి కొంచెం దూరంలో దింపుతుంది. అక్కడి నుంచి ఒక గైడు మంచు అంచుదాకా నడిపించుకుపోతాడు.

"శుక్రవారం పదిన్నరకు రాహుకాలం. దానికంటే ముందే దిగల్ల," అన్నాను క్యాలెండర్ చూసి.

"అది నంద్యాల రాహుకాలం మా. ఆడ ఎండాకాలంలో పగలే పద్దెనిమిది గంటలు. దాంట్లో ఎనిమిదో వంతంటే..." లెక్క వేసింది. "పదిముక్కాలు నుంచి ఒంటిగంట దాకా."

"రెండుంబావు గంటలా!"

"పెద్ద దేశం మా. రాహువు గూడా పెద్దోడే ఉంటాడు."

దేవుళ్లతో ఎగతాళి వద్దన్నాను. రాహువు దేవుడు కాదంది. గ్రహాలతోనూ వద్దన్నాను. ఆ తర్వాత ఎలుగుబంట్ల సంగతి బయటపడింది. అవి తిరిగే దారట. పెద్దగా మాట్లాడుకుంటూ నడిస్తే దగ్గరికి రావట.

"అట్లయితే నువ్వుంటే చాలు మా. ఆ జిల్లా మొత్తం ఖాళీ అయితాది," అంది.

నవ్వులాట అయ్యాక గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. "మూడేండ్లుగా అంగడి దాటి యాడికీ పోల్యా. నలబై మూడు డిగ్రీల ఎండ, పురుగుమందు కంపు. ఒక్క గంట ఆ మంచును చేత్తో ముట్టుకోవల్ల. ఓడోళ్ల బస్సులో పోతే అద్దంలోంచి చూపిచ్చి తీసకొస్తారు. సొంతంగానా, బస్సా అని కంపెనీవాళ్లకు రేపు సాయంత్రం లోపల చెప్పల్ల. నువ్వు సరే అంటేనే."

నా కూతురు నన్నేదీ అడగదు. చిన్నప్పుడు గాజులు కూడా అడగలేదు. ఇప్పుడు అడిగిందే అడిగింది, మంచు కావాలంది.

నేను రాత్రంతా ఆలోచించాను. ఓడ ఆగదు, సరే. ఓడలోనే ఉన్న మనవాడు ఒకడు కెప్టెన్ దగ్గర నిలబడి, "మావాళ్లు వస్తాండారు, రెండు నిమిషాలాగప్పా" అంటే? ఆళ్లగడ్డ బస్సును నేనెన్నిసార్లు అలా ఆపించలేదు? కండక్టర్ తిడతాడు, కానీ ఆపుతాడు. కెప్టెన్ మాత్రం ఎవరు? పెద్ద కండక్టర్.

పొద్దున్నే చెబితే వాణి తల పట్టుకుంది. "అట్ల ఆపరు మా." కానీ నా మనసు కుదుటపడాలంటే లోపల ఒక మనిషి ఉండాల్సిందే. లేకపోతే నేను సరే అనలేను. ఆ మాటే చెప్పాను.

ఓడ ఎక్కుతున్నవాళ్లలో మాకు తెలిసినవాడు ఒకడే ఉన్నాడు. ఆళ్లగడ్డ డీలర్ శ్యాంసుందర్. మా ఆయన సొంత తమ్ముడు.

"వానికి చెప్పేదానికంటే ఎలుగుబంటికి చెప్పుకో," అన్నాడు మా ఆయన.

అన్నదమ్ములకు నాలుగేళ్లుగా మాటల్లేవు. మా మామ పోయాక ఆళ్లగడ్డలో ఆయన రాతి విగ్రహం చెక్కించి రుద్రవరంలో మా పొలంలో పెట్టారు. పని దగ్గరుండి చేయించింది శ్యాంసుందర్. తెర తీస్తే మీసం కిందికి వాలి ఉంది. "నాయన బతికినన్నాళ్లూ మీసం మెలేసినాడు, చచ్చినాక దించినావే!" అని మా ఆయన నలుగురిలో అరిచాడు. "నాయన మీసం నాకు తెల్దా?" అని తమ్ముడు అంతకంటే గట్టిగా అరిచాడు. నిజానికి మా మామ మీసం పొద్దున లేచి ఉండేది, మజ్జిగన్నం తిన్నాక వాలేది. వడ్డించినదాన్ని నేను కదా, నాకు తెలుసు. ఆ రోజు నన్నెవరూ అడగలేదు.

పది గంటల బస్సుకు ఆళ్లగడ్డ పోయాను. శ్యాంసుందర్ అంగడికి ఎదురుగా శిల్పాల షెడ్లు. ఉలి చప్పుడు ఆగకుండా వస్తోంది. నన్ను చూసి శ్యాంసుందర్ లేచి నిలబడ్డాడు. నిలబడ్డాడు కానీ నాతో మాట్లాడలేదు. పక్కనున్న తన భార్య నరసమ్మ వైపు తిరిగాడు.

"వచ్చినామెను కూచోమని చెప్పు."

మా ఇళ్లలో తగవు పడితే పద్ధతి ఇదే. ఎదురుగా ఉన్నా మూడో మనిషి ద్వారానే మాట.

"కూచో అక్కా," అంది నరసమ్మ.

"కూచున్నానని చెప్పు," అన్నాను.

"కూచునిందంట."

"చూస్తాండా గదా. నీళ్లు తాగుతాదేమో అడుగు."

"తాగి వచ్చినానని చెప్పు."

"అన్నకు మోకాళ్లు ఎట్లుండాయో అడుగు."

"అరిగినాయని చెప్పు. నోరు మాత్రం అరగలేదని గూడా చెప్పు."

శ్యాంసుందర్ మూతి ఒక పక్కకు వంకర పోయింది. నవ్వు ఆపుకుంటే వాళ్లింట్లో అందరికీ అలాగే పోతుంది.

నరసమ్మ విసుగ్గా లేచింది. "మీ ఇద్దరి నడుమ నేనేమన్నా పోస్టాఫీసా? అలాస్కాకు గూడా నన్ను దీనికే తీసకపోతాండాడు, ఆడ మీకు జాబులు మోసేదానికి. టీ పెట్టొస్తా. అందాకా మూగోళ్లయినా కాండి, మనుషులయినా కాండి." లోపలికి పోయింది.

ఇద్దరమే మిగిలాం. ఆయన బిల్లుల పుస్తకం తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. నేను చీర కొంగు సర్దుకున్నాను. సాయంత్రం లోపల వాణికి మాట చెప్పాలి. మళ్లీ బస్సెక్కి ఉత్తచేతులతో పోతే, ఆ పిల్ల ఏమీ అనదు. అద్దంలోంచి చూసి వస్తుంది. ఏమీ అనకపోవడమే నాకు భయం.

"శ్యాంసుందరా," అన్నాను. నాలుగేళ్ల తర్వాత ఆ పేరు పెట్టి పిలిచాను. "నీ మీసాల పంచాయితీకి రాలేదప్పా నేను. జూనోలో మా పిల్ల సొంతంగా మంచు చూసేదానికి పోతానంటాంది. నేనూ దాని ఎమ్మటే పోతాండా. నాలుగున్నర దాటితే ఓడ ఆగదంట. నువ్వు లోపలుంటావు గదా. మేం కనపడకుంటే ఆ కెప్టెన్ కాళ్లో చేతులో పట్టుకొని రెండు నిమిషాలు ఆపిస్తావా? నీ అన్న కోసరం కాదు. పిల్ల కోసరం."

ఆయన తల ఎత్తలేదు. ఎదురు షెడ్డులో ఉలి చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. లోపల టీ పొంగి స్టవ్ మీద చుయ్యిమంది. రైతొకడు వచ్చి జొన్న విత్తనాలున్నాయా అని అడిగి, మా ఇద్దరి మొహాలు చూసి, మధ్యాహ్నం వస్తానని పోయాడు. నేను తప్పు చేశాననుకున్నాను. ఇక లేద్దామని కుర్చీ చెయ్యి పట్టుకున్నాను.

"నేనెట్ల ఆపుతా వదినా?" అన్నాడు శ్యాంసుందర్, పుస్తకంలోకే చూస్తూ. "నేను గూడా ఆ పొద్దు సొంతంగానే పోతాండా. ఓడ నన్ను ఇడిసిపెట్టి పోతాదేమో, ఆపమని వాణికి ఎట్ల చెప్పల్లా అని వారం నుంచి నిద్ర పట్టల్యా."