మేనత్త పోలిక

మా అన్నయ్య కూతురికి తొమ్మిదేళ్లు. రెండు నెలలుగా నా మెడలో కొలతల టేపు చూస్తే చాలు, తలుపు చాటుకు పోతోంది. బళ్లో పిల్లలు దాన్ని బుడగ అంటున్నారట. సోమవారానికి కొత్త యూనిఫాం కావాలి. కొలతలు తీస్తే అసలు బడికే వెళ్లనని మొండికేసింది.

డాక్టరమ్మ శుభ్రంగానే చెప్పింది. పిల్ల తన తీరులో తను సక్రమంగా ఎదుగుతోందనీ, ఒళ్లన్నది ఒక్క తిండితోనే రాదనీ, వంశంలోంచి కూడా వస్తుందనీ. వదిన ఆ వంశం దగ్గరే ఆగిపోయి, నన్ను కింది నుంచి పైదాకా చూసింది. చూడ్డానికి చాలానే ఉంది లెండి. అప్పట్నుంచి నేరమంతా నాదే. అన్నయ్య మాత్రం వెదురుబద్దలా నిలబడి, తిండి తగ్గించమని కూతురికి రోజూ ఉపన్యాసాలు దంచుతున్నాడు.

నాకు ఒళ్లు మండింది. మా అమ్మా బట్టలు కుట్టేది. ఆవిడ కొలతల పుస్తకం ఇంకా నా మిషను సొరుగులోనే ఉంది. నా తొమ్మిదో ఏటి పేజీ చూపించి, నేరం ఒప్పేసుకుని, ఇక పిల్ల జోలికి పోవద్దని చెబుదామనుకున్నాను. అప్పట్లో నా నడుము ఇరవై ఆరు అంగుళాలు. వెతుకుతుంటే అంతకు ఐదేళ్ల ముందు పేజీ ఒకటి తగిలింది. అమ్మ చేతిరాతే. "మా పెద్దాడు, తొమ్మిదేళ్లు. నడుము ఇరవై ఎనిమిది. ఎదిగే ఒళ్లు, కుట్లలో ఎక్కువ గుడ్డ వదలాలి."

వదిన చదివింది. మళ్లీ చదివింది. మొగుడి వంక చూసి, కుర్చీలో కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. అది నాకూ అంటుకుంది. అన్నయ్య, ఆ పుస్తకానికి చెదలు పట్టిందనీ అంకెలు సరిగా కనబడటం లేదనీ ఏదో గొణిగాడు.

తలుపు చాటు నుంచి పిల్ల వచ్చింది. నా మెడలోంచి టేపు లాక్కుని, వాళ్ల నాన్న నడుముకు చుట్టి, పుస్తకంతో సరిచూసింది.

"ముప్ఫై. ఇన్నేళ్లకి రెండంగుళాలేనా నాన్నా?"

ఈసారి అన్నయ్యతో సహా ముగ్గురం పడీపడీ నవ్వాం. అదొక్కతే నవ్వలేదు.

"అప్పుడు నువ్వేం తినడం మానేశావ్?"

అన్నయ్య నవ్వు ఆగిపోయింది. "ఏం మానలేదమ్మా. ఊరికే పొడుగయ్యానంతే."

"మరి అత్త?"

"నేను పొడుగు కూడా కాలేదే," అన్నాను.

అప్పుడు నవ్వింది, చూడండి, రెండు నెలల నవ్వు ఒక్కసారే. టేపు నా చేతికిచ్చి, నా ఎదుట నిలబడి, చేతులు రెండూ పైకెత్తింది.

"కుట్లలో ఎక్కువ గుడ్డ వదులు, అత్తా."

ఇరవై ఏడు. అమ్మ పుస్తకంలోనే రాసుకున్నాను; ఆ సంతోషంలో అంకె వంకరగా పడింది.