గోడవార ఎర్ర లిల్లీ

కార్తీక మాసం రెండో సోమవారం పొద్దున వాసంతి పెరట్లోకి పోయి చూస్తే, గోడవార తీగకు ఎర్రగా ఏదో పూసి ఉంది. ఆరు రేకులు. అంచులు మెలికలు తిరిగి, అన్నీ మంట లేచినట్టు పైకే ఎగసి ఉన్నాయి. ఆకుల కొనలు సన్నటి నులితీగలై పక్కనున్న జామకొమ్మను పట్టుకున్నాయి. ఆ తీగను ఆమె నాటలేదు. రెండేళ్ళ కిందట పెరడు మెరక చేయడానికి తోలించిన మట్టిలో వచ్చిందేమో అనుకుంది.

కోయబోయి చేయి ఆపుకుంది. పేరు తెలియని పువ్వు స్వామికి పెట్టకూడదని వాళ్ళింట్లో కట్టుబాటు.

"కోకిలా, ఈడికి రా. ఇది ఏం పువ్వో చూడు."

కోడలు కోకిల తల దువ్వుకుంటూ వచ్చి ఫోనులో బొమ్మ తీసింది. "లిల్లీ జాతి అంటా ఉంది అత్తా."

"లిల్లీ అంటే మాలల్లో కట్టే తెల్లది కాదా? దీనికీ దానికీ పోలికేంది?"

"నన్నడిగితే? ఫోన్ను అడగండి." కోకిల లోపలికి వెళ్ళిపోయింది.

పది నెలలుగా వాళ్ళిద్దరి మధ్య మాటలు అంతమాత్రమే. పోయిన ముక్కోటి ఏకాదశికి వాసంతి భర్త బాలసుందరం జబ్బుపడి, మూడో రోజు ఆస్పత్రిలో కన్నుమూశాడు. కడుపులోకి విషపదార్థం ఏదో పోయిందన్నాడు డాక్టరు. ఏకాదశి ముందు రాత్రి ఆయన తొండియార్‌పేటలో కోకిల పుట్టింట్లో భోంచేశాడు. కోకిల తండ్రి మునిరాజు శవం దగ్గరికి పూలమాల పట్టుకుని వస్తే, వాసంతి నలుగురిలోనూ అనేసింది: "మీ ఇంటి కూడు తినే నా మొగుడు పోయినాడు. ఇంక ఈ గడప తొక్కొద్దు." ఆ రాత్రి అదే కూడు తిన్న తక్కినవాళ్ళకు ఏమీ కాలేదే అని ఆమె కొడుకు చంద్రు ఒకసారి అడిగాడు. వయసులో ఉన్నోళ్ళు తట్టుకున్నారు అంది.

అప్పటినుంచి మునిరాజు రాలేదు, కోకిల పోలేదు. దీపావళికి ఆయన ఇంటి దగ్గరి మాధవరం బస్టాండులో నిలబడి కూతురికి అరిసెల్లాంటి అధిరసాలు ఇచ్చిపోయాడని, ఇంటికి తేలేక కోకిల ఆ గుంపులోనే నిలబడి తినిందని చంద్రు చెప్పాడు. వాసంతి లేచి వంటింట్లోకి పోయింది.

కోకిల ఆఫీసుకు పోయాక పూలమ్మే మునియక్క వచ్చి బుట్ట దించింది. వాసంతి ఆమెను పెరట్లోకి పిలిచి తీగ చూపించింది.

"అయ్యో, కలప్పై కిళంగు గదమ్మా ఇది! ఎవురు తెచ్చి పెట్టింది ఈడ?"

"దానంతట అదే వచ్చింది. పువ్వు బాగుందే."

"పువ్వుకేం, మారాణి మాదిరి ఉంటాది. కింద ఉండే గడ్డే యముడు. మా తిరుత్తణి పక్క మేకలు గూడా మూతి పెట్టవు. మా చిన్నాయన కోడలు గెనుసుగడ్డ అనుకోని ఉడకబెట్టుకోని తినింది. ఒగ పూట బాగానే తిరిగింది. మళ్ళ వాంతులు, బేదులు. మూడో దినానికి లేదు."

వాసంతి తీగ మొదలు వైపు చూసింది. "ఆ గడ్డ ఎట్లుంటాది?"

"నాగలి మాదిరి వంకరగా, రెండుగా చీలి ఉంటాది. అరవంలో కలప్పై అంటే నాగలి, కిళంగు అంటే గడ్డ గదా, ఆ పేరు దానికే వచ్చింది."

"చేదుగా ఉంటాదా?"

మునియక్క నవ్వింది. "ఆ రుచి చెప్పేదానికి తిన్నోళ్ళు మిగలల్ల గదమ్మా! సరి, మల్లెలు ఎన్ని మూరలు?"

"ఈరోజు వొద్దు. నువ్వు పో."

ముక్కోటి నాడు ఉపవాసం ఉన్నది బాలసుందరం ఒక్కడే. చక్కెర జబ్బు మాత్రలు మింగే వాసంతి ఉండలేదు, పిల్లలు పనులకు పోయారు. గోడవార తాను నాటిన గెనుసుగడ్డల్ని ఆయనే తవ్వి తెచ్చాడు. వాటిలో కొన్ని సన్నగా, వంకరగా ఉన్నాయి. వాసంతే కడిగి, ఉడకబెట్టి, స్వామికి చూపించి ఆయన ముందు పెట్టింది.

"చేదుగా ఉందే వాసంతీ," అన్నాడు ఆయన మొదటి ముక్కకే.

"స్వామికి చూపించిందానికి వంకలు పెడతారా? అదీ ఉపవాసం నాడు!"

ఆయన మారు మాట్లాడకుండా గిన్నె ఖాళీ చేశాడు.

ఆస్పత్రిలో డాక్టరు మూడుసార్లు అడిగాడు, ఈరోజు ఏం తిన్నాడని. మూడుసార్లూ ఆమె ఒకటే చెప్పింది: "ఏమీ తినలేదు సార్, ఏకాదశి ఉపవాసం. నిన్న రాత్రి వియ్యంకులింట్లో తిన్నాడు." అబద్ధం చెప్పాలని చెప్పలేదు. వాసంతి ఇంట్లో తినడం అంటే అన్నం తినడమే. పాలు, పళ్ళు, గడ్డలు ఎన్ని లోపలికి పోయినా అది ఉపవాసమే. ఉడకబెట్టిన గిన్నె ఆమె మనసులోకే రాలేదు.

గునపం తెచ్చి తీగ మొదట్లో తవ్వింది. వానలకు నానిన మట్టి సులువుగానే విడిపోయింది. చేతికి వచ్చిన గడ్డ వంకరగా, రెండుగా చీలి ఉంది. ఆమెకు దాని వాటం బాగా గుర్తుంది. గిన్నెలో పట్టలేదని అప్పుడు ఇలాంటిదాన్నే తన చేత్తో విరిచింది.

దాన్ని సంచిలో చుట్టి చెత్తబండిలో వేస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. మునియక్క కూడా రేపటికి మరిచిపోతుంది. ఆ ఆలోచన ఆమెను సాయంత్రం దాకా వదల్లేదు. దేవుడి ముందు కూర్చుంది కానీ దీపం వెలిగించలేదు. స్వామీ, నీ కోసం పస్తు ఉన్నవాడు కదా, నీకు చూపించి పెట్టినదే కదా అని అడగాలనుకుంది. అడగబోతే, చేదుగా ఉందని ఆయన ముందే చెప్పాడు కదా అని స్వామి అన్నట్టు తోచింది. ఆ మాట ఆయన చేత చెప్పించింది ఎవరు? ఆమెకు తెలియలేదు. నోరు మూయించింది ఎవరో మాత్రం తెలుసు.

కోకిల వచ్చి చెప్పులు విప్పుతుంటే వాసంతి ఆ గడ్డను తెచ్చి ముందు పెట్టింది. కూర్చోకుండానే అంతా చెప్పింది.

కోకిల వంగి దాన్ని తిప్పి చూసింది. "ఎప్పుడు తెలిసింది మీకు?"

"పొద్దున."

"పొద్దున్నించి ఏం చేస్తా ఉన్నారు?"

"పారేద్దామని చూస్తా ఉండినా."

కోకిల ఏడవలేదు, అరవలేదు. ఫోను తీసి నంబరు నొక్కింది. "నాయనా, అత్త మాట్లాడాలంట," అని అత్త చేతికి ఇచ్చింది. "నాతో చెప్పినట్టే చెప్పండి. ఒక్క మాట తగ్గించొద్దు."

"చెల్లెమ్మా?" అన్నాడు మునిరాజు. "ఏందమ్మా, మా పాప కోకిలకేమన్నా అయిందా?"

"పాప బాగుంది అన్నా." వాసంతి ఫోనును రెండు చేతులా పట్టుకుంది. "ఆయన పోయింది మీ ఇంటి కూడు తిని కాదు. నేను పెట్టింది తిని."

గిన్నె సంగతి, చేదు సంగతి, డాక్టరుకు చెప్పిన సంగతి, ఒకటీ దాచకుండా చెప్పింది.  అటునుంచి ఆ ముసలాయన ఏడుపు మొదలైంది. మాట లేదు, తిట్టు లేదు, ఉత్త ఏడుపు. వాసంతి ఫోను వెనక్కి ఇవ్వబోయింది. కోకిల చేయి చాచలేదు. వాసంతి దాన్ని మళ్ళీ చెవికి ఆనించుకుని నిలబడింది.