ఎర్రపెట్ట తగువు

గూటి తలుపు తియ్యగానే ఎర్రపెట్ట ఎప్పటిలాగే మిగతా కోళ్ళను తొక్కుకుంటూ ముందు బయటపడింది. చిన్నామె నూకలు చల్లి, మోకాలి మీద ఒక చెయ్యి ఆనించుకుని వంగి, రెండో చేత్తో గడ్డిలో తడిమింది. లాడ్జిలో దుప్పట్లు ఉతికి ఉతికి సోడా నీళ్ళకు మొద్దుబారిన వేళ్ళవి. వేడి నీళ్ళు తగిలినా తెలియదు గానీ, అప్పుడే పెట్టిన గుడ్డు వెచ్చదనం మాత్రం వాటికింకా తెలుస్తుంది.

దొరికిన గుడ్లలో పెద్దది ఏరి తడిక పక్కనున్న ఇటుక మీద పెట్టింది. అది తోడికోడలి వాటా. కాసేపటికి తడిక అవతలినుంచి ముదిరిన తోటకూర కాడలు, పుచ్చు వంకాయలు కోళ్ళ ముందు వచ్చి పడతాయి. చేతికి చెయ్యి అందించుకోవడం మాత్రం లేదు. పెరడు మధ్య ఆ తడిక కట్టింది అన్నదమ్ములు. ఎందుకు కొట్టుకున్నారో ఇప్పుడెవరికీ గుర్తులేదు. కట్టిన ఇద్దరూ పోయారు, తడిక మిగిలింది. అటు పెద్దామె కూరమళ్ళు, ఇటు చిన్నామె కోళ్ళు. ఇద్దరికీ పిల్లాజెల్లా లేరు. పొద్దున్నే ఒకరి దగ్గు ఒకరికి వినబడితే అదే వాళ్ళ పలకరింపు. పెద్దామె ఇటు అడుగుపెట్టి ఏళ్ళయింది.

ఈరోజు కాడలకు బదులు కేక వచ్చింది.

“ఏమే, చూశావా నీ ఎర్రదాని నిర్వాకం? మొన్న చల్లిన కొత్తిమీర మడి మొత్తం గీకి పారేసింది.”

ఎర్రపెట్ట అప్పటికే తడిక దూకేసి, మడి మధ్యలో కాళ్ళతో మన్ను వెనక్కి చిమ్ముతోంది. చిన్నామె ఇంకో గుప్పెడు నూకలు చల్లి దాన్ని ఇటు రప్పించింది.

“ఇక్కడ నేల రాయిలా ఉంది గదక్కా. మెత్తటి మన్ను కనబడితే ఆగలేదది.”

“నేల సంగతి నాకు చెప్పకు. దానికి నూకలు చెల్లాయి. సాయంత్రానికి అదో నేనో తేలిపోవాలి.”

కోడిగుడ్డు మీద ఈకలు పీకడం పెద్దామెకు కొత్త కాదు. అరిచిందంటే భయం లేదు, అరగంటలో మర్చిపోతుంది. కానీ ఆ చివరి మాట నెమ్మదిగా అన్నది. చిన్నామె పనికి బయల్దేరేటప్పటికి కూడా గుడ్డు ఇటుక మీదే ఉంది.

లాడ్జి వెనక దుప్పట్లు పిండుతూ విషయం చెబితే వంటాయన గరిటె పట్టుకుని నవ్వాడు.

“సాయంత్రం పట్టుకురా, వండిపెడతా. నీ తగువు తీరుతుంది, నా కడుపు నిండుతుంది.”

“నీ కడుపులో వేస్తే రేపట్నుంచి గుడ్లు నువ్వు పెడతావా?”

అందరితోపాటు తనూ నవ్వింది గానీ, ఆ తర్వాత ఉతికిన దుప్పటినే మళ్ళీ ఉతికింది. ఒక రెక్క ఈకలు కత్తిరిస్తే కోడి ఒరిగిపోతుంది, తడిక ఎక్కలేదు. అక్క ఎప్పటినుంచో చెబుతున్నదీ అదే. కుక్క తరిమితే ఎగరలేదని ఇన్నాళ్ళూ చిన్నామెకు మనసొప్పలేదు. ఈరోజు ఒప్పుకుంది. దానికీ అక్క దిగిరాకపోతే వంటాయనకే ఇచ్చేద్దామనుకుంది. కోడి ఇంకోటి దొరుకుతుంది, అక్క ఎక్కడ దొరుకుతుంది? దిండు గలీబులు కుట్టే అమ్మాయి దగ్గర కత్తెర అడిగి సంచిలో వేసుకుంది.

ఇంటికి వచ్చేసరికి తడిక తలుపు బార్లా తీసి ఉంది. అయిపోయాయి మళ్ళు, అనుకుంటూ పరుగెత్తింది. మళ్ళలో ఒక్క కోడి లేదు. ఇటుక మీద గుడ్డూ లేదు.

పెద్దామె ఇటువైపు ఉంది. కోళ్ళగూటికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, తల ఒక పక్కకు వాల్చి కూర్చుంది. ఎదురుగా బూడిద కలిపిన మెత్తటి మన్ను ఒక మడంత పరిచి ఉంది. అందులో ఎర్రపెట్ట పొర్లుతోంది.

“ఎంతసేపయిందక్కా వచ్చి?” అంటూ చిన్నామె పక్కన చేరింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. గోళ్ళ నిండా మన్ను.

చిన్నామె కేక విని పక్కింటామె వచ్చింది. “మధ్యాహ్నమంతా మన్ను గంపలతో మోస్తూనే ఉంది. ఈ వయసులో ఎందుకమ్మా అంటే, ఇక్కడ మెత్తగా ఉంటే అది అటెందుకెళ్తుంది, పాపం అన్నది.”

“కోడి తగువుకి నువ్వు పోవాలా అక్కా?” అని చిన్నామె ఆ చెయ్యి వదలకుండా ఏడ్చింది.

నలుగురూ వచ్చి పెద్దామెను లోపలికి మోసుకెళ్ళారు. కోళ్ళు ఒక్కొక్కటే గూట్లోకి చేరాయి. గూటి పక్కన, ఏరిపారెయ్యాల్సిన గులకరాళ్ళతో, పెద్దామె మన్ను జల్లించిన జల్లెడ అలాగే ఉండిపోయింది.